కారు దించే ముందు: స్ప్రింగులా, షాకబ్జార్బర్లా, రెండూనా?

తిరుపతిలో కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట చివరికి అక్కడికే వస్తుంది: "బండి కొంచెం దించితే ఎంత బాగుంటుందో!" నిజమే, బాగుంటుంది. టైరుకీ పైన ఫెండరు అంచుకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉన్న కారు రెండు వేళ్లకు దిగితే దాని చూపే మారిపోతుంది. నేనూ ఆ చూపు మీద మనసుపడే మొదలుపెట్టాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు ఒక మాట చెప్తాను. ఎంత దించాలో ఫొటో చూసి తేల్చుకోవద్దు. దించాక చక్రం పైకి లేవడానికి ఎంత జాగా మిగులుతుందో చూసి తేల్చుకోండి. స్ప్రింగు, డ్యాంపరు (షాకబ్జార్బరుకే ఇంకో పేరు), కాయిలోవరు (స్ప్రింగూ షాకూ కలిసి, ఎత్తు మార్చుకోగలిగే సెట్), ఏది కొనాలన్నా లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

మన వైపు స్పోర్ట్స్ కారు అంటే అందరికీ పోర్షే కాదు కదా. పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్, వర్టస్ జీటీ, ఆక్టావియా ఆర్‌ఎస్, చేతిలో డబ్బు బాగా ఆడేవాళ్లకు బీఎండబ్ల్యూ ఎం340ఐ. కారు ఏదైనా సూత్రాలు ఒకటే. నాది పోలో జీటీ టీఎస్‌ఐ. ముందు మాక్‌ఫెర్సన్ స్ట్రట్‌లు (స్ప్రింగూ షాకూ ఒకే నిలువు కంబంలా ఉండి చక్రాన్ని పట్టుకునేవి), వెనక ట్విస్ట్ బీమ్ యాక్సిల్ (రెండు వెనక చక్రాలను కలిపే, కాస్త మెలిపడే దూలం).

మూడేళ్ల కిందట 62,000 కిలోమీటర్లు తిరిగిన ఈ కారుకి లోయరింగ్ స్ప్రింగులు మాత్రమే వేయించాను. "అన్నా, షాకులు బాగానే ఉండాయి, లీకేజీ లేదు, వాటికెందుకు దండగ" అన్నాడు మెకానిక్. లీకేజీ లేని మాట నిజమే. మొదటి వారం రోజూ పొద్దున్నే బాల్కనీలోంచి కారును చూసుకోవడమే సరిపోయింది. రెండో వారం అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టుకుని కాణిపాకం బయల్దేరాను. హైవే దిగి ఊళ్ల దారి పట్టాక రంగు వేయని స్పీడ్ బ్రేకరు ఒకటి తగిలింది. చూసుకున్నాను, 20లోనే ఎక్కించాను. ముందు చక్రాలు మెత్తగానే దాటాయి. వెనక చక్రాలు దిగేటప్పుడు 'ధన్'మని ఒక దెబ్బ, ఆ వెంటనే వెనక భాగం రెండుసార్లు ఎగిరింది. అమ్మ నడుం పట్టుకుని "ఇంకెంత దూరం నాయనా" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆరు నెలల తర్వాత అంతా విప్పించినప్పుడు దగ్గరుండి చూశాను. వెనక బంప్ స్టాప్ (చక్రం పైకి లేచినప్పుడు చివర్లో ఆపే దిమ్మ) రబ్బరును వేళ్ల మధ్య నలిపితే అటుకుల పొడిలా రాలిపోయింది. షాకబ్జార్బరు రాడ్‌ను చేత్తో నొక్కితే మొదటి రెండు అంగుళాలు ఏ పట్టూ లేకుండా జారిపోయింది, ఆ తర్వాత గానీ బిగువు తగల్లేదు. బయట ఒక్క చుక్క ఆయిల్ లేదు, లోపల మాత్రం పని అయిపోయింది. ముందు టైర్లు బయటి వైపు కొత్తవాటిలా ఉన్నాయి, లోపలి అంచు చేత్తో తడిమితే పలకలా నున్నగా ఉంది.

లోపల జరిగేది ఏమిటి

స్ప్రింగు కారు బరువును మోస్తుంది, గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బను నొక్కుకుని దాచుకుంటుంది. దాచుకున్నదాన్ని తిరిగి విసరడం దాని స్వభావం. ఆ విసురును షాకబ్జార్బరు అడ్డుకుంటుంది. ఆయిల్‌ను సన్నని వాల్వుల గుండా తోసి, ఆ ఊపును వేడిగా మార్చేస్తుంది. కాబట్టి స్ప్రింగు గట్టిపడితే విసురు పెరుగుతుంది, దాన్ని అడ్డుకునే బలం, అంటే డ్యాంపింగూ పెరగాలి. ఎంత పెరగాలంటే, స్ప్రింగు 30 శాతం గట్టిపడితే డ్యాంపింగ్ అవసరం సుమారు 14 శాతం పెరుగుతుంది. అంటే కారుతో వచ్చిన కంపెనీ షాకులు కొత్తగా ఉంటే కాస్త గట్టి స్ప్రింగును మోయగలవు. అరిగిపోయిన షాకులు మోయలేవు. నాకు జరిగింది అదే.

అంతకన్నా ముఖ్యమైనది జాగా. మాటవరసకు కారు మామూలు ఎత్తులో ఉన్నప్పుడు చక్రం పైకి లేవడానికి 80 మి.మీ. ఉందనుకుందాం. 25 మి.మీ. దించితే మిగిలేది 55. స్ప్రింగు దాచుకునే శక్తి అది ఎంత దూరం నొక్కుకుంటుందో దాని వర్గాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి 80లో ఆగిన దెబ్బ 55లోనే ఆగాలంటే స్ప్రింగు రెట్టింపుకు పైగా గట్టిగా ఉండాలి. రోడ్డు మీద వాడే లోయరింగ్ స్ప్రింగులు అంత గట్టిగా ఉండవు, ఉంటే కూర్చోలేం. మిగతా భారమంతా షాకబ్జార్బరు మీద, బంప్ స్టాప్ మీద పడుతుంది. 40 మి.మీ. దించాలనుకునేవాళ్లు ఇదే లెక్క మళ్లీ వేసుకోండి, గట్టిదనం నాలుగు రెట్లు కావాలి. నలుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెట్టాక కారు ఇంకా కూర్చుంటుంది, దాన్ని ఇందులో లెక్కేయలేదు.

మలుపు మధ్యలో బంప్ స్టాప్ తగిలితే సుఖం పోవడం ఒక్కటే కాదు, పట్టు కూడా పోతుంది. ఆ క్షణంలో ఆ మూల ఒక్కసారిగా రాయిలా గట్టిపడుతుంది. ముందు వైపు తగిలితే కారు మలుపు తిరగనని మొండికేసి బయటికి జారుతుంది. వెనక తగిలితే తోక ఊపుతుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకుతో బరువంతా ముందుకు వస్తుంది, అప్పుడు మలుపు బయటి వైపు ముందు చక్రానికే ఎక్కువ పని.

మాక్‌ఫెర్సన్ కార్లలో ఇంకో మెలిక ఉంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. మామూలు ఎత్తులో లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద కారుకు కలిపే కడ్డీ) చక్రం వైపుకి కాస్త కిందికి వాలి ఉంటుంది, లేదా దాదాపు సమానంగా ఉంటుంది. కారును బాగా దించితే ఆ ఆర్మ్ చక్రం వైపు పైకి లేస్తుంది. అప్పుడు రోల్ సెంటర్, అంటే మలుపులో కారు దేని చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, కారు బరువు కేంద్రం దిగినదానికన్నా ఎక్కువగా కిందికి పడిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, మలుపులో కారును ఒరిగించే బలం పెరుగుతుంది. దించిన కారు ఒరగదు అని మనం అనుకుంటాం, స్ప్రింగు గట్టిదనం ఆ లాభాన్ని ఇవ్వకపోతే ఎక్కువే ఒరగగలదు. అందుకే రోడ్డు కారుకి 20, 25 మి.మీ. దగ్గర ఆగమని చెప్తాను. పోలో గ్రౌండ్ క్లియరెన్స్ సుమారు 165 మి.మీ. 25 పోతే 140. మన వీధుల్లో అంతకంటే కిందికి వెళ్తే ఇంటి ర్యాంపు దగ్గరే టెన్షన్ మొదలవుతుంది.

నాలుగు దారులు

మొదటిది అందరూ వదిలేసేది, నేను ముందు చెప్పేది: ఎత్తు మార్చకుండా షాకబ్జార్బర్లు మాత్రం మంచివి వేయడం. బిల్‌స్టైన్ వాళ్ల బీ6 షాకు ఇందుకే చేసింది, కంపెనీ స్ప్రింగులతోనే పనిచేస్తుంది. మోనోట్యూబ్, అంటే ఒకే గొట్టం, లోపల ఎక్కువ పీడనంలో గ్యాస్ ఉంటుంది. ఆయిల్ ఉన్న గొట్టమే బయటి గోడ కాబట్టి వేడి నేరుగా గాలికి పోతుంది. ఆయిల్‌కీ గ్యాస్‌కీ మధ్య తేలే పిస్టన్ అడ్డుగా ఉంటుంది, అందువల్ల గతుకుల దారిలో గంటసేపు పోయినా ఆయిల్ నురగెత్తదు. గొట్టంలో గొట్టం ఉండే మామూలు ట్విన్‌ట్యూబ్ షాకు అలసిపోయే చోట ఇది అలసిపోదు. కోనీ స్పెషల్ యాక్టివ్ ఇంకో రకం. పదునైన చిన్న దెబ్బలకు మెత్తబడి, ఒళ్లు ఊగేటప్పుడు బిగుసుకునే వాల్వు అందులో ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు తరచూ కారెక్కుతారంటే బిల్‌స్టైన్ కన్నా కోనీ వైపే మొగ్గండి.

ఎత్తు తగ్గలేదే అని బాధపడేవాళ్లకు ఒక మాట. కారు నడిపే తీరులో తేడా ఎక్కువగా కనిపించేది ఇక్కడే. మలుపులోకి స్టీరింగ్ తిప్పిన మొదటి క్షణంలో కారు ఎంత నిదానంగా, ఎంత నిబ్బరంగా వాలుతుందో అది షాకబ్జార్బరు చేతిలో ఉంది.

రెండోది కంపెనీ షాకుల మీద లోయరింగ్ స్ప్రింగులు మాత్రం. అన్నింటికన్నా చవక, అన్నింటికన్నా ఎక్కువమంది చేసేది. కారు కొత్తదై, దించేది 20, 25 మి.మీ. లోపలై ఉంటే ఒప్పుకుంటాను. ఐబాక్ ప్రోకిట్ లాంటి ప్రోగ్రెసివ్ స్ప్రింగుల్లో కొన్ని చుట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. చిన్న గతుకులకు అవి మెత్తగా ఉండి, బరువు పెరిగేకొద్దీ ఒకదానిమీద ఒకటి మూసుకుని స్ప్రింగు గట్టిపడుతుంది. ఒకరోజు ఒంటరిగా, ఒకరోజు ఐదుగురితో తిరిగే మన కార్లకు ఈ గుణం పనికొస్తుంది. హెచ్ అండ్ ఆర్ స్ప్రింగులు చాలా కార్లకు ఇంకాస్త ఎక్కువ దించుతాయి, గట్టిగానూ ఉంటాయి. నాలా 60 వేలు దాటిన షాకుల మీద మాత్రం ఈ దారి వద్దు. ఇప్పుడు మిగిలే డబ్బు ఏడాదిలో రెండోసారి లేబరు రూపంలో, టైర్ల రూపంలో పోతుంది.

మూడోది స్ప్రింగు, డ్యాంపరు కలిపి జతచేసిన సెట్. బిల్‌స్టైన్ బీ12 అంటే ఐబాక్ స్ప్రింగులు, బీ8 షాకులు. బీ8 అంటే బీ6 లాంటిదే, దించిన కారు కోసం పొట్టిగా చేసింది. ఈ పొట్టితనమే అసలు విషయం. మామూలు పొడవు షాకును దించిన కారుకి వేస్తే పిస్టన్ ఎప్పుడూ కింది భాగంలోనే తిరుగుతుంది, కిందికి వెళ్లే దారి తగ్గిపోతుంది. పొట్టి షాకు ఆ దారిని కొంత తిరిగి ఇస్తుంది. ఇంజినీర్లు ఒకదానికొకటి సరిపోయేలా కొలిచి పెట్టినవి కాబట్టి మనం ఊహించాల్సింది ఏమీ ఉండదు. ఇప్పుడు నా కారు కింద ఉన్నది ఈ రకమే. స్ప్రింగులకు అయ్యేదానికి మూడు రెట్లు దాకా ఖర్చు, అయినా మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను.

నాలుగోది కాయిలోవర్లు, ఎత్తును మరతో మార్చుకోగలిగేవి. కేడబ్ల్యూ వాళ్లు చేసేవాటిలో మూడు మెట్లు ఉన్నాయి. వేరియంట్ 1లో ఎత్తు ఒక్కటే మారుతుంది. 2లో స్ప్రింగు తిరిగి విప్పుకునేటప్పటి డ్యాంపింగ్‌ను కూడా మార్చుకోవచ్చు. 3లో నొక్కుకునేటప్పటిది వేరుగా, విప్పుకునేటప్పటిది వేరుగా మార్చుకోవచ్చు. బీసీ రేసింగ్ ఖర్చులో తక్కువ, ఒక్క నాబుతో రెండూ కలిసి మారతాయి. ఇవి ఎవరికి? ట్రాక్ డేలకు, అంటే రేస్ ట్రాక్ మీద సొంత కారు నడుపుకునే రోజులకు వెళ్లేవాళ్లకు. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మనకు పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికి చేరేంత దూరంలోనే ఉంది. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, నునుపైన తారు. అక్కడికి ఏడాదిలో నాలుగుసార్లు పోయి, టైరు అరుగుదల చూసుకుంటూ నాబు క్లిక్కులు మార్చే ఓపిక ఉంటే కాయిలోవర్లు వాటి విలువ చూపిస్తాయి. క్లిక్కులు ఒకసారి పెట్టి మరిచిపోయేవాళ్లకు మూడో దారే మేలు. పైగా వాటి మరల మీద మన దుమ్ము, ఈశాన్య రుతుపవనాల బురద చేరి పట్టేస్తాయి. ఏడాదికి రెండుసార్లు బ్రష్షుతో కడిగి గ్రీజు పెట్టాలి. కేడబ్ల్యూ వాళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం వాడేది అందుకే.

ఇక స్ప్రింగు చుట్టు కోయించడం. దీన్ని దారి అనను. చుట్టు తగ్గితే స్ప్రింగు గట్టిపడే మాట నిజమే, కానీ కోసిన కొన గిన్నెలో సరిగా కూర్చోదు. చక్రం గుంతలో వేలాడినప్పుడు స్ప్రింగు పక్కకు జరగొచ్చు. గ్యాస్‌తో వేడిచేసి కూర్చోబెట్టడం ఇంకా దారుణం, ఉక్కుకు పెట్టిన పదునే పోతుంది. మందమైన స్ప్రింగు అని స్పెసిఫికేషన్ చూడకుండా ఏదో ఒకటి వేయించడం కూడా తప్పే. తీగ మందం 10 శాతం పెరిగితే గట్టిదనం 46 శాతం పెరుగుతుంది. కంటికి కనిపించని తేడా నడుముకు తెలుస్తుంది.

కంప్యూటరు ఆడించే అడాప్టివ్ డ్యాంపర్లు ఉన్న ఖరీదైన కార్లకు ఈ వరస వర్తించదు. వాటి షాకులకు వైరు ఉంటుంది. మామూలు షాకులు వేస్తే డ్యాష్‌బోర్డులో వార్నింగ్ వెలుగుతుంది. అక్కడ అదే మోడల్ కోసం చేసిన స్వల్ప లోయరింగ్ స్ప్రింగులే తెలివైన పని.

మన రోడ్ల మీద పెట్టి చూస్తే

తిరుమల ఘాట్ పేరు చెప్పి గట్టి సస్పెన్షన్ కొనేవాళ్లను చూశాను. ఆ ఘాట్‌లో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తగ్గకూడదని నియమం. సుమారు 18 కిలోమీటర్ల దారి, అంటే దిగేటప్పుడు సగటున గంటకు 27 కిలోమీటర్లు. అది పందేల దారి కాదు, భక్తులు నడిచే కొండ. అక్కడ మీకు కావాల్సింది ఒకటే: 1944 నాటి పాత ఘాట్‌లో ఒక హెయిర్‌పిన్ తర్వాత ఇంకో హెయిర్‌పిన్ దిగుతుంటే వెనక సీట్లో పిల్లలకు కడుపులో తిప్పకుండా ఉండటం. ఒళ్లు మెల్లగా ఒరిగేటప్పుడు షాకు పిస్టన్ కదిలే వేగం చాలా తక్కువ. ఆ తక్కువ వేగంలో మంచి పట్టు ఉన్న డ్యాంపరు పిల్లల్ని కాపాడుతుంది, స్ప్రింగు గట్టిదనం అంతగా కాదు. పదునైన గుంతలో పిస్టన్ వేగం ఎక్కువ. చౌక కాయిలోవర్లు అక్కడే బయటపడతాయి, ఆయిల్ త్వరగా దాటలేక దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. భాకరాపేట ఘాట్, పలమనేరు దారిలో మొగిలి ఘాట్ కూడా ఇలాగే చూడండి.

తిరుపతి ఊళ్లో పరీక్షించుకోవాలంటే శ్రీనివాస సేతు (గరుడ వారధి) మీదికి ఎక్కండి. ఫ్లైఓవరు అతుకుల మీద 40లో పోతే ఒక్కో అతుకుకి ఒక్కటే చిన్న 'టప్' వినిపించి కారు వెంటనే కుదురుకోవాలి. రెండోసారి ఊగిందంటే షాకు చాలట్లేదు. 'టప్' బదులు 'టక్' అని లోహం శబ్దం వస్తే టాప్ మౌంటు (షాకును పైన కారు బాడీకి పట్టించే భాగం) పోయిందేమో చూడాలి.

స్పీడ్ బ్రేకర్లే అసలు పరీక్ష. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకరు 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలా ఉంటే 25లో హాయిగా దాటొచ్చు. మన ఊళ్లలో అదే ఎత్తును అర మీటరు వెడల్పులో కట్టేస్తారు. చిత్తూరు వైపు తోతాపురి సీజనులో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు రోడ్డు అంచు దిగి మట్టిలో పోవాల్సి వస్తుంది. ఆ అంచు దగ్గర 140 మి.మీ. ఎంత తక్కువో నాకు తెలుసు.

కొనే ముందు ఒక చిన్న పని చేయండి, ఐదు రూపాయల ఖర్చు. షాకబ్జార్బరు డస్ట్ బూటు (రాడ్ మీది దుమ్ము తొడుగు) పైకి జరిపి, రాడ్‌కు ప్లాస్టిక్ టై ఒకటి బిగించి షాకు మూతి దాకా దించండి. మీరు రోజూ తిరిగే దారిలో వారం తిరగండి. దెబ్బ తగిలినప్పుడల్లా టై పైకి జరుగుతుంది, ఎక్కువ జరిగిన చోట నిలిచిపోతుంది. అక్కడి నుంచి బంప్ స్టాప్ దాకా ఎంత మిగిలిందో టేపుతో కొలవండి. నా కారుకి మామూలు ఎత్తులో ముందు 28 మి.మీ. మిగిలింది. 25 దించితే 3 మిగులుతుంది, 40 దించితే రోజూ గుద్దుకుంటుంది. ఏ అమ్మకందారు చెప్పే మాటకన్నా ఆ టై చెప్పే మాట నమ్మండి.

బిగించేటప్పుడు

స్ప్రింగులు మీ మోడల్‌కే కాదు, మీ కారు ముందు యాక్సిల్ బరువుకు సరిపోవాలి. అదే కారులో డీజిల్ ఇంజిన్ బరువెక్కువ, దాని స్ప్రింగు వేరు. పార్ట్ నంబరు చూసి అడగండి. బంప్ స్టాపులు, టాప్ మౌంట్లు, డస్ట్ బూట్లు అప్పుడే కొత్తవి వేయించండి. మళ్లీ విప్పితే లేబరే వాటి ధరకన్నా ఎక్కువ.

లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టులు కారు లిఫ్టు మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆనాక, కారు తన బరువుతో కూర్చున్నాక బిగించాలి. లేకపోతే ఆ రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. దగ్గరుండి చూడాల్సిన పని ఇదొక్కటే అనుకోండి. మంచి మెకానిక్‌కు మీరు చెప్పకముందే తెలుసు.

అలైన్‌మెంట్ బిగించిన రోజే ఒకసారి, స్ప్రింగులు కూర్చున్నాక 500 కిలోమీటర్లకు ఇంకోసారి. నా టైర్ల లోపలి అంచు తినేసింది క్యాంబరు (ముందు నుంచి చూస్తే చక్రం వాలిన తీరు) కన్నా టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన తీరు) అని రిపోర్టులో కనిపించింది. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించండి, వెనక భాగం ఎక్కువ దిగితే ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం నుంచి ఆర్‌సీ వివరాలు మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలాంటి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. పనికి ముందే ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. యాక్సిడెంటు అయ్యాక తెలిస్తే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది. ఎత్తు మార్చని మొదటి దారిని నేను ముందు పెట్టడానికి ఇదీ ఒక కారణమే.

విప్పిన కంపెనీ స్ప్రింగులు పాత ఇనుముకు వేయకండి. నావి ఎడమ, కుడి అని పెయింటుతో రాసి, ఆయిల్ గుడ్డలో చుట్టి మిద్దె మీద గదిలో పెట్టాను. అరిగిపోయిన షాకులు మాత్రం మళ్లీ పనికిరావు, అప్పటికి కొత్తవి కొనాలి. అమ్మానాన్నలకు నడవడమే కష్టమయ్యే రోజొస్తే, ఒక పూట పనితో కారు మళ్లీ వాళ్లు సుఖంగా ఎక్కే ఎత్తుకు వస్తుంది.